చందనము లేని అత్తరు

వైశాఖమాసమున నొక మిట్టమధ్యాహ్నము, చార్మినారునకు కూతవేటు దూరములో, గుల్జార్ హౌజ్ దాటిన తరువాత నున్న ఒక యిరుకైన అత్తరుదుకాణమున కూర్చుండగా, ఆ దుకాణపు ముదుసలి సాయిబుగారు గాజుపుల్ల నొక చిన్నసీసాలో ముంచి, నా మణికట్టు లోపలివైపున సన్నని గీటొకటి గీచి, "రుద్దకండి సాబ్, దాని దారిన దాన్ని పోనివ్వండి" అని హెచ్చరించెను. నేను రుద్దలేదు. మొదటి రెండు నిమిషములు ఆ గీటునుండి పాచిపట్టిన పాతనూతి వాసన వచ్చి నన్ను కొంత నిరుత్సాహపరచెను. దుకాణము దిగి పత్థర్‌గట్టీ నీడలో పది యడుగులు నడచునప్పటికి, ఎండకు బీటలువారిన నేలపై తొలకరిచినుకులు పడగానే పైకి లేచునట్టి ఆ కమ్మని ఆవిరి నా చేతినుండియే పుట్టుచుండెను. ఆకాశమున మబ్బుతునక లేదు. మణికట్టు ముక్కువద్ద పెట్టుకొని నడివీథిలో నిలిచిపోయిన నన్ను గాజులకొట్టువాడొకడు వింతగా చూచిన సంగతి తరువాత జ్ఞప్తికి వచ్చినది. అది మట్టి అత్తరు. ఆ దినమునుండి నేనీ విద్యకు దాసుడనైతిని గనుక, ఈ వ్యాసమునందు నిష్పక్షపాతమును ఎవరును ఆశింపవలదు.

అత్తరు పూసికొనుట వేరు, సెంటు చల్లుకొనుట వేరు. మద్యసారమున కలిపిన సెంటు మనిషికంటె ముందుగా గదిలో ప్రవేశించి, మనిషి సుఖాసీనుడగులోపలనే సెలవు పుచ్చుకొనును. అత్తరు నూనె, దేహపు వేడిమి తగిలినకొలది మెల్లమెల్లగా విచ్చుకొనును, ఎదుటివరుసలోని వానికి తెలియదు, ప్రక్కన కూర్చున్నవానికే తెలియును, అదియు వాడు మాటలాడుట మాని ఊపిరి పీల్చినప్పుడు. వేసవి ఉదయమున స్నానము చేసి, వట్టివేళ్ళ సారమగు రూహ్‌లో తడిపిన చిటికెడు దూదిని చెవితమ్మె మడతలో దాచుకొన్నచో, తొలిగడియ అంతయు పచ్చిగడ్డి కోసిన ఘాటు. మధ్యాహ్నమునకు, మన పెద్దలు కిటికీలకు కట్టి నీళ్ళు చిలుకరించిన వట్టివేళ్ళ తడికల చల్లదనము. ప్రొద్దు వాలునప్పటికి ఆ వేళ్ళనంటిన మన్ను తప్ప వేరేమియు మిగులదు. రాగిపాత్రలో దిగిన రూహ్ కావుననే దానికా లేతపచ్చని రంగు. ఇక శీతకాలమునకు సుగంధద్రవ్యముల కూర్పగు శమామా. మూడేండ్ల క్రిందట నొక పుష్యమాసపు రాత్రి నా శాలువ అంచున రెండు చుక్కలు పడినవి. రెండు చాకిరేవులు దాటియు అవి పోలేదు. ఇంగువ కట్టిన గుడ్డ యని మనవారు వెక్కిరింపుగా వాడుమాటను ఈ శాలువ విషయమున నేను స్తోత్రముగా వాడుకొనుచున్నాను.

పుట్టుపూర్వోత్తరములను గూర్చి నాకంత పట్టుదల లేదు. గులాబీ అత్తరును నూర్జహాను కనిపెట్టెనని కొందరు, కాదు ఆమె తల్లి యని కొందరు కథలు చెప్పుదురు. ఎవరు కనిపెట్టిననేమి, మనకు దక్కినది. అయినను మనవారి గొప్ప నొకటిరెండు ముక్కలలో చెప్పక తప్పదు. బృహత్సంహితలో గంధయుక్తికై ఒక అధ్యాయమునే కేటాయించిన వరాహమిహిరుడు, పదునారు ద్రవ్యములనుండి నాలుగేసి చొప్పున నేరి, వాని పాళ్ళను మార్చుచు కూర్చినచో 1,74,720 పరిమళములు పుట్టునని లెక్కవేసి చూపెను. జ్యోతిషమున గ్రహములను లెక్కించిన ఆ మహానుభావుడే వాసనలను సైతము లెక్కించెనన్న మాట! 1244 లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమున చందనమునకు, కర్పూరమునకు, పన్నీటికి సుంకములు నిర్ణయింపబడియున్నవి. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినది ఏ చక్రవర్తికో కాదు. కర్పూరవసంతరాయలని బిరుదు వహించిన కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన అవచి తిప్పయసెట్టికి. పరిమళవర్తకుని కృతిభర్తగా కూర్చుండబెట్టిన జాతి మనది.

కాని నేడు అత్తరునకు పుట్టినిల్లనదగినది గంగాతీరమునందలి కన్నౌజు, హర్షుని కాన్యకుబ్జము. అచ్చటి అత్తరు కాచు భట్టీని చూడని అత్తరుప్రియుడు తిరుమల కొండనెక్కని గోవిందభక్తునివంటివాడు. అచ్చట అత్తరు తీయు పద్ధతిపేరు డేగ్-భప్కా. డేగ్ అనగా మన ఆకాశమున నెగురు డేగ కాదు. మన వంటయింటి డేగిసాకు తోబుట్టువు. మట్టిపొయ్యిపై పెట్టిన పెద్ద రాగికడవ యది. దానిలో నీరును పూలను నింపి, సర్పోష్ అను మూతపెట్టి, దూదితో కలిపిన మెత్తనిమట్టితో సందులన్నియు ఆవిరి పోకుండ మెత్తుదురు. మూతనుండి చొంగా యనబడు వెదురుగొట్ట మొకటి, పొడుగునను త్రాడు చుట్టబడినది, క్రిందికి వంగి గచ్చీ యను నీటితొట్టిలో మెడవరకు మునిగియున్న మరియొక రాగిపాత్రలోనికి పోవును. ఆ రెండవపాత్రయే భప్కా. ఈ విద్యయొక్క ప్రాణమంతయు దానిలో నున్నది. ఏలయన ఆ భప్కా ఉత్తపాత్ర కాదు, ముందుగానే దానిలో గంధపుతైలము పోసియుంచుదురు. పువ్వు తన ఊపిరిని ఆవిరిగా వదలును. ఆ ఊపిరి వెదురుగుండ ప్రాకివచ్చి, చల్లబడి, చందనము ఒడిలో వాలును. పూలవాసనలు చపలస్వభావములు, గాలి సోకిన నిలువవు. గంధపుతైలము బరువైనది, నెమ్మదిగా ఆవిరియగునది, తన గొంతెత్తకనే ఇతరుల గొంతును నిలుపునది. పాటకచ్చేరిలో తంబురాకు గల స్థానము అత్తరులో చందనమునకు గలదు.

ఆ భట్టీవద్ద ఉష్ణమాపకము లేదు, గడియారము లేదు. నేను చూచిన పనివాడు, నెరసిన మీసములవాడు, పొయ్యిముందు గొంతుక్కూర్చుండి, కట్టెలను పిడకలను ముందుకు త్రోయుచు వెనుకకు లాగుచు, నడుమనడుమ లేచి తొట్టినీటిలో చేయిముంచి భప్కా కడుపును తడవి చూచుచుండెను. రోగి నాడిని వైద్యుడు పట్టిచూచినట్లే. ఆ అరచేతికి తెలిసిన వేడిమి యే యంత్రమునకు తెలియునని నేనడుగుచున్నాను? మంట కొంచెము హెచ్చెనా, పువ్వు మాడి అత్తరు కమరువాసన వేయును. తగ్గెనా, ఆవిరి దారిలోనే చల్లారి సొమ్మసిల్లును. వాడు మంటను తగ్గించునప్పుడు డేగుమూతపై తడిగుడ్డ వేసినాడు; ఎందుకని అడిగితిని. "లోపలిది అలసిపోయింది" అను అర్థమువచ్చు మాట యేదో అనెను. నాలుగైదు గంటలయిన తరువాత భప్కాను చల్లార్చి, నూనె పైకితేలగా క్రిందినీటిని తీసి మరల డేగులో పోసి, మరునాటి క్రొత్తపూలు వేసి మరల కాచుదురు. ఈ విధముగా పదునైదిరువది దినములు, చందనము ఇక పట్టజాలనంతవరకు. ఆపిమ్మట అత్తరును తోలుకుప్పెలలో పోసి ఎండబెట్టినచో, మిగిలిన తడి తోలుగుండ బయటికి పోవును, నూనె లోపల నిలుచును. చందనము లేకుండ ఉత్తపువ్వునుండియే తీసినది రూహ్. అది వేరుకథ, వేరువెల. ఒక కిలో గులాబీరూహ్‌నకు సుమారు నాలుగువేల కిలోల పూలు కావలెనందురు, అవియు సూర్యోదయమునకు ముందుగా కోసినవి. గులాబీని మెచ్చనివాడుండడు గనుక నేను దాని జోలికి పోను.

మట్టి అత్తరునకై కన్నౌజువారు ఎండిన మట్టిని ముద్దలుచేసి ఆవములో కాల్చి, ఆ పెంకులను పూలకు బదులుగా డేగులో వేయుదురు. 1964 లో బేర్, థామస్ అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులిద్దరు తొలివానవాసనకు పెట్రికోర్ అని గ్రీకుమాటలతో నామకరణము చేసి ప్రకటించిరి; అట్లు ప్రకటించుచు, ఉత్తరప్రదేశమునందు ఈ వాసనను పట్టి చందనతైలములో బంధించి అమ్ముచున్నారని వారే పేర్కొనిరి. నామకరణమునకు ముందే బిడ్డ అంగడిలో తిరుగాడుచుండెనన్న మాట.

మన ముంగిటిలోనే జరుగు పనిని మనము మరచుట అన్యాయము. 1936 వరకు మద్రాసు రాజధానిలో చేరియుండి నేటికిని తెలుగువారికి చుట్టరికము తెగని గంజాము జిల్లాలో, సముద్రపుటొడ్డున, వానకారున మొగలిడొంకలు విరియపూయును. మగచెట్టు పువ్వునకే ఆ సువాసన. అచ్చటి భట్టీలలోను రాగిడేగులే, వెదురుగొట్టములే. మొగలిపొత్తులను తూచరు, లెక్కపెట్టి వేయుదురు. బరంపురమున నొక తెలుగుగృహిణి నాకు జడలోనికి ఒక రేకు, బట్టలపెట్టెలోనికి ఒక రేకు అని ఆ పువ్వును పంచియిచ్చుట చూపి, "భట్టీవాళ్ళకి పోగా మిగిలిందే మాకండీ" అని నవ్వినది. మొగలినుండి తీసిన కేవడా అత్తరు పూసికొన్ననాడు నాకు తోచునదేమనగా, అది తేనెవలె తియ్యనిదే కాని ఆ తీపిలో నొక ముల్లున్నది. చేయి చీరుకొనక మొగలిరేకు కోసినవాడెవడు? కేవడాను, వట్టివేరును, మట్టిని, కడిమిని ఒకచోట చేర్చినది మజ్మూఆ. హైదరాబాదు నవాబీతనమంతయు ఒక చుక్కలో కావలెనన్నచో దానినే అడుగుడు.

కూర్పరుల ప్రజ్ఞకు పరీక్ష శమామా. జటామాంసి, గంధకచ్చూరాలు, తుంగముస్తలు, ఏలకులు, లవంగములు, జాజికాయ, జాపత్రి, మన బిరియానీలోను పడు రాతిపువ్వు, చివరకు కుంకుమపువ్వు, ఇన్నిటిని ఒక్కొక్కటిగా నెప్పుడు వేయవలెనో, దేనిని దేని తరువాత కాచవలెనో ఆయా యింటివారి రహస్యము; తండ్రి కొడుకునకు చెప్పును, కాగితముపై పెట్టడు. దీని యెదుట నేటి ఊద్ అనబడు అగరు వెఱ్ఱి నాకు కంటగింపుగా నుండును. అగరునందు దోషము లేదు. బూజుసోకి గాయపడిన చెట్టు తన గాయమును మాన్పుకొనుటకై స్రవించిన జిగురుకు అంత పరిమళ మబ్బుట సృష్టిచిత్రమే. కాని ఎడారినుండి వచ్చిన ధనముతోపాటు వచ్చిన ఊద్, మల్లెకును మొగలికిని చోటులేకుండ దుకాణములను ఆక్రమించుకొన్నది. నేను వట్టివేరు పక్షమువాడను. ఊద్ వారు నన్ను క్షమింపనక్కరలేదు.

ఇంతవరకు ప్రశంస. ఇక చెప్పుటకు చేదైన భాగము.

శ్రీగంధపుచెట్టు చేవ పట్టుటకు దశాబ్దములు కావలెను. కోత దొంగలపాలయినది, సరకు సర్కారు గుత్తకు చిక్కినది, తైలపువెల కిలో లక్షరూపాయలు దాటి పోయినది. (మన శేషాచలమున ఎఱ్ఱచందనము కుప్పలుగా నున్నదిగదా యని ఒక మిత్రుడు నన్నోదార్చెను. అయ్యో, దానికి రంగేకాని చెప్పుకోదగిన వాసన యెక్కడిది! పేరులోని చందనమును చూచి మోసపోవువారికి లెక్కలేదు.) వెల పెరిగినంతనే భప్కాలోనికి చందనమునకు మారుగా లిక్విడ్ పారఫిన్ వచ్చి చేరినది. దానికి వాసన లేదు, వాసనను పట్టు గుణమును లేదు. పొయ్యి అదే, డేగు అదే, వెదురు అదే, ఆ పనివాని అరచేయి అదే. కాని ఒడిలో తల్లి లేదు. ఆపైన డేగే అక్కరలేదను మహానుభావులు బయలుదేరి, రసాయనముల గులాబీని పారఫిన్‌లో కలిపి, బంగారుమూతల సీసాలకెత్తి, అసలుపేర్లతోనే అమ్ముచున్నారు. ఒక పెద్ద అంగడిలో, అద్దాల బీరువాలోనుండి తీసి తెల్లచేతితొడుగులతో అందించిన శమామాను నేను తులమెత్తు కొంటిని. ఇల్లు చేరునప్పటికి వాసన పోయినది, జిడ్డు మిగిలినది. మరునాడు పోయి అడుగగా, "మీ ఒంటితత్త్వం అలాంటిది సార్" అని సమాధానము. నా ఒంటితత్త్వమట! మూడేండ్లుగా శాలువనంటియున్న రెండు చుక్కలకు ఏ తత్త్వమున్నదో?

రసాయనపుసెంటు రసాయనపుసెంటుగా అమ్ముడుపోయినచో నాకేమియు అభ్యంతరము లేదు. అందును నేర్పరులున్నారని వినియున్నాను. నా మంటయంతయు పేరును దొంగిలించినవారిపై. ఈ దొంగతనమువలన కూలునది కొనువాడు కాదు, పొయ్యిముందు కూర్చున్నవాడు. ఇరువది దినములు కాచిన అత్తరును ఇరువది నిమిషములలో కలిపిన జిడ్డుతో సరితూచినప్పుడు, ఆ నెరసినమీసముల మనిషి కొడుకు పొయ్యివద్ద ఎందుకు కూర్చుండును? కూర్చుండడు, వాడు ఊరిలో బండి నడుపుచున్నాడని తండ్రియే నాతో చెప్పెను.

మన పెండ్లిండ్ల సంగతి చూడుడు. గుమ్మమున పన్నీటిబుడ్డి పట్టుకొని చిలుకరించు బాలికకు మారుగా నేడు కరెంటుతో పొగమంచు వెదజల్లు యంత్రము నిలిచియున్నది. దానివలన నాకు రెండుసార్లు తుమ్ములు వచ్చినవి, పరిమళము మాత్రము రాలేదు. లక్షలు వెచ్చించి అట్టహాసము చేయు పెండ్లిపెద్దలారా, విడెమిచ్చు పళ్ళెరమున మంచిగంధముతోబాటు నిజమైన అత్తరుదూది నొక్కటి పెట్టుడు. అర తులము వందమంది చేతులకు చాలును. కొనబోయినవారు సీసా అందమును చూడవలదు, పేరును నమ్మవలదు. చేతిమీద గీటు గీయించుకొని, ఆ పూటకు కొనక ఇంటికి వచ్చి, పడుకొనబోవునప్పుడు ఆ చేతిని మరల వాసన చూడుడు. పువ్వు పోయినను చందనము పలుకుచుండవలెను.

మొన్న శ్రావణమున మరల గుల్జార్ హౌజ్‌వైపు పోతిని. సాయిబుగారు చిక్కిపోయినారు గాని గాజుపుల్ల పట్టిన చేయి వణకుట లేదు. మట్టి అత్తరు అడిగితిని. ముందువరుసలోని సీసాపై చేయివేసి, నా ముఖమువైపు చూచి, ఆ చేయి వెనుకకు తీసికొని, "ఇది మీకు కాదు సాబ్, ఇందులో గంధం లేదు" అని, చెక్కపెట్టె అడుగునుండి నలుపెక్కిన బిరడాగల చిన్నసీసా నొకదానిని పైకి తీసెను. అందులో కాలుభాగముకంటె ఎక్కువ లేదు. వెల అడిగితిని. ఆయన చెప్పలేదు, బిరడా తీసి, నన్ను చేయి చాపుమనెను.