మైదానంలో జమాఖర్చులు

చలం 1894లో పుట్టింది మద్రాసులో. 1950లో బెజవాడ వదిలి తిరువణ్ణామలై చేరి, 1979లో అక్కడే కన్నుమూశాడు. రెండు కొసలూ తమిళ నేల మీదే. అందుకని పొరుగు రాష్ట్రంలో ఉన్న మన తెలుగువాళ్లకి, చలం మనవాడని చెప్పుకోవడం సరదా. పెరంబూరులో నలుగురు మిత్రులు కూడినప్పుడల్లా నేనూ ఈ ముక్క చెప్పేవాణ్ణి. ఆ వెంటనే ‘మైదానం’లో రాజేశ్వరి తెగువ గురించి ఒక పావుగంట మాట్లాడేవాణ్ణి.

కిందటేడు మా అమ్మాయి పర్మనెంటు ఉద్యోగం మానేసి పిల్లలకి నాటకాలు నేర్పుతానంది. నా నోట వచ్చిన మొదటి ప్రశ్న: “నెలకెంతొస్తుంది?”

“రాజేశ్వరినైనా ఇదే అడిగేవాడివా నాన్నా?” అని నవ్వి ఊరుకుంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. నవల మళ్లీ తీశాను.

బీకాం చదివే రోజుల్లో దీన్ని అట్టకి కాగితం చుట్టి చదివాను. అప్పుడు నాకు కనిపించింది వెళ్లిపోవడం ఒక్కటే. వకీలు భర్తనీ, ఇంటినీ, పరువునీ వదిలి అమీర్‌తో వెళ్లిపోవడమే ధైర్యమనుకున్నాను. ఇప్పుడు చూస్తే అసలు కథ వెళ్లిన తర్వాతది. అక్కడ సుఖముంది. అసూయా, భయమూ ఉన్నాయి. గర్భం వద్దని అమీర్ పట్టుబట్టడం ఉంది. మీరా రాకతో ముడిపడ్డ చిక్కులున్నాయి. రాజేశ్వరి వీటిలో దేన్నీ దాచదు. నష్టం వచ్చింది గనక పొందిన సుఖం అబద్ధమనదు. సుఖం దొరికింది గనక నష్టాన్ని కొట్టెయ్యదు. ముప్పై ఏళ్లుగా లెడ్జర్లు చూస్తున్నవాణ్ణి, ఇంత నిజాయితీగా రాసిన ఖాతా అరుదని చెప్పగలను. ఇల్లు వదలడం కన్నా ఈ చెప్పడమే పెద్ద సాహసం.

అయితే నాకొక ఫిర్యాదుంది. రాజేశ్వరికి తన సంపాదన అంటూ లేదు. భర్త ఇంట్లోనూ, మైదానంలోనూ ఆమె బతుకు ఇంకొకరి చేతిలోనే ఉంది. గర్భం విషయంలో అమీర్ అంత గట్టిగా పట్టుబట్టగలగడానికి అదీ ఒక కారణమని నాకనిపిస్తుంది. ప్రేమించే స్వేచ్ఛ గురించి అంత వేడిగా రాసిన చలం, ఆడదాని చేతిలో సొంత డబ్బు ఉండటం గురించి ఈ నవలలో నిలబడి ఆలోచించలేదు. కట్టుబాట్లు తెంచుకోవడానికి గుండె చాలు. తెంచుకున్నాక కాదనగలగడానికి గుండెతోపాటు కూడు కూడా కావాలి.

ఆశ్రమం చెంత చేరి చలం ఓడిపోయాడని అనేవాళ్లున్నారు. ఒకప్పుడు నేనూ అన్నాను. ఇప్పుడా మాట వెనక్కి తీసుకుంటున్నాను. తిరుగుబాటుదారు అన్న పేరు ఆయనకి అప్పటికే స్థిరపడింది. దాన్ని కాపాడుకుంటూ కూర్చోవచ్చు. తన అభిమానులు ఏమనుకుంటారో అని వెనుదియ్యకుండా, నిజమని తోచిన వైపు నడిచాడు. ఆ దారి నాకు నచ్చాలని లేదు. కానీ సొంత పేరుకి బందీ కాకపోవడం తక్కువ తెగింపు కాదు.

నెలకెంతొస్తుందని అడగడం తప్పు కాదని నాకిప్పటికీ నమ్మకం. అదొక్కటే అడిగి ఊరుకోవడం తప్పు. సభల్లో పొగిడిన ధైర్యం సొంత గుమ్మంలోకి వస్తే ష్యూరిటీ అడిగానన్న సంగతి ఒప్పుకోవడానికే ఈ వ్యాసం.

మా అమ్మాయి ఉద్యోగం మానేసింది. మొదటి నెల పదకొండు మంది పిల్లలు చేరారు. జమాఖర్చుల పుస్తకం నన్ను చూడమంది. చూస్తున్నాను. ఇంకా ఖర్చు వైపే ఎక్కువగా ఉంది.