కక్కయ్య భార్య తెగతెంపులు అడిగి ఉంటే

తెలుగు సాహిత్యంలో పెండ్లి సమస్య అనగానే విమర్శకులు ఒకే వరస అప్పజెబుతారు. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన వితంతు వివాహం, 1897లో అచ్చయిన గురజాడ 'కన్యాశుల్కం', 1927 నాటి చలం 'మైదానం'. ఇవి చిన్న పనులని మేము అనడం లేదు. ఇవి ఎవరి పెండ్లిళ్ళు అని మాత్రం అడుగుతున్నాం. తల గొరిగించుకున్న బాలవితంతువు, ముసలాయనకు అమ్ముడుపోయే పసిపిల్ల, గడప దాటలేని ఇల్లాలు - ఇవి ప్రధానంగా అగ్రహారం బాధలు. వీటినే మొత్తం 'తెలుగు స్త్రీ సమస్య'గా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల మాలమాదిగ పల్లెల్లో గడప దాటడం ఆడదానికి సమస్యే కాదు. తెల్లారి కలుపుకో, శనక్కాయలు పెరకడానికో పోకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

ఈ పల్లెల్లో పెండ్లి నడత వేరుగా ఉండేది. మొగపిల్లోని తరపువాళ్ళు ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునేవాళ్ళు. కాపురం కుదరకపోతే కులపెద్దల ముందర తెగతెంపులు. మొగుడు చచ్చినా, విడిచినా మారుమనువు. అది స్వర్గమని చెప్పడానికి మేము సిద్ధంగా లేము. కులపెద్దలంతా మగవాళ్ళే. ఓలి తిరిగి కట్టే దారిలేక దెబ్బలు తింటూ పడి ఉండాల్సి రావడమూ ఆ పద్ధతిలోనే ఉంది. మారుమనువు ఆడినామెకు మొదటి పెండ్లికున్న మర్యాద దక్కేది కాదు. ఇన్ని లోపాలున్నా బయటికి పోవడానికి ఒక తలుపు ఉండేది. ఆ తలుపు మన సాహిత్యంలో ఎక్కడైనా కనబడుతుందా?

మా ప్రాంతంలో అందరికీ తెలిసిన కథనే తీసుకుందాం. మఠంలో పోతులూరి వీరబ్రహ్మం సిద్ధయ్యకు శరీరంలోని చక్రాల గురించి, వాటిలో ఉండే దేవతల గురించి చెబుతుంటే మాదిగ కక్కయ్య వింటాడు. ఇంటికి పోయి, నిద్రపోతున్న భార్యను కోసి చూస్తాడు. నెత్తురు, మాంసం తప్ప ఏమీ కనబడవు. గురువు అబద్ధమాడాడని వచ్చి నిలదీస్తాడు. బ్రహ్మం ఆ శవంలోనే దేవతలను చూపించి, ఆమెను బతికిస్తాడు. కక్కయ్య శిష్యుడవుతాడు.

ఈ కథను మాదిగవాడికి జ్ఞానం దక్కిన కథగా చెప్పుకుంటారు. అందులో నిజం ఉంది. మాదిగవాడు గురువును నిలదీసి రుజువు అడగడం చిన్న విషయం కాదు. కానీ ఆ రుజువుకు ఖర్చయింది ఎవరు? సిద్ధయ్యకు మాటతో అందిన చదువు కక్కయ్యకు పెండ్లాం ఒళ్ళు కోస్తే గానీ అందలేదు. ఆమె లేచిన తర్వాత కథ కక్కయ్య వెంట మఠానికి పోతుంది. ఆమె వెంట మాదిగపల్లెకు పోదు. తనను చంపినవాని పక్కన ఆ రాత్రి ఎట్లా పడుకున్నదో ఏ కథకుడూ అడగడు. ఆమె కులంలో తెగతెంపులు ఉన్నాయి. నిద్రలో గొంతుకు కత్తి పెట్టిన మొగునితో నేను చేయనని పెద్దల ముందర నిలబడే వీలు ఉంది. కథ మాత్రం ఆమెకు ప్రాణం తిరిగిచ్చి, దాంతోపాటే ఆ మొగుణ్ణీ తిరిగిచ్చింది.

సాహిత్యం చూడని ఈ తలుపును చట్టం కొంత మూసింది. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం ప్రకారం, మళ్ళీ పెండ్లాడిన వితంతువుకు చనిపోయిన భర్త ఆస్తిలో హక్కు పోతుంది. ముందునుంచే మారుమనువు ఆచారమున్న కులాలకూ ఈ నష్టం వర్తిస్తుందని మద్రాసు హైకోర్టు తేల్చింది. అప్పట్లో కడప జిల్లా ఆ కోర్టు కిందిదే. పైకులాల వితంతువుకు మేలు చేయబోయిన చట్టం కింది కులాల వితంతువు చేతిలో ఉన్నది లాక్కుంది. ఆ చట్టం 1983లో గానీ రద్దు కాలేదు. 1955 హిందూ వివాహ చట్టం 29(2) సెక్షన్ ఆచారం ప్రకారం తెగతెంపులను ఒప్పుకుంటుంది. అయితే ఆ ఆచారం ఉందని రుజువు చేసుకునే భారం ఆడకూలీ నెత్తిన పడుతుంది.

జమ్మలమడుగులో లండన్ మిషన్ ఆసుపత్రి పెట్టి మందిచ్చింది. కానీ క్రైస్తవులైన మన ఆడవాళ్ళకు 1869 నాటి విడాకుల చట్టం తగులుకుంది. దాని కింద మొగునికి భార్య వ్యభిచారం ఒక్కటి చూపితే చాలు. భార్య మాత్రం వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో కూడా చూపాలి. ఈ తేడా పోయింది 2001 సవరణతోనే.

ఇక మిగిలింది మన వంతు. 1916లోనే అంబేద్కర్ చెప్పాడు: కులాన్ని నిలబెట్టేది కులం లోపలి పెండ్లి, దాన్ని కాపాడేవి సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం, పై కులాలను చూసి కింది కులాలు అనుకరిస్తాయి. ఇయ్యాల ఆ అనుకరణ చదువుకున్న మన ఇండ్లలోనే జరుగుతోంది. బడిలో 'కన్యాశుల్కం' చదివిన పిల్లవాడికి ఓలి అంటే పిల్లను అమ్ముకోవడం. పసిపిల్లను ముసలాయనకు అమ్మడం ఒకటి, రెక్కల కష్టం తెలిసిన పిల్లను పంపేటప్పుడు ఆ కష్టానికి విలువ కట్టడం ఒకటి. ఈ తేడా చెప్పే పాఠం లేదు. 1961 నుంచి కట్నం నేరమే అయినా ఉద్యోగం వచ్చిన మాలమాదిగ పిల్లోనికి కట్నం మర్యాద అయిపోయింది. పిల్లను కన్నవాళ్ళు అప్పు చేసి ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ మెట్లెక్కుతున్నారు. అమ్మమ్మ ఆడిన మారుమనువు చెప్పుకోరాని సంగతి అయింది.

పులివెందుల తాలూకా పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో కడప నుంచి 'సంవేదన' తెచ్చి, సాహిత్యంలో జీవితం ఉందా అని గట్టిగా అడగడం నేర్పాడు. ఆ ప్రశ్న మాకూ కావాలి. దానికి ఎవరి జీవితం అనేది కలుపుతాం. దళిత విమర్శ అగ్రహారాన్ని అడిగినంత గట్టిగా కక్కయ్యనూ అడగాలి. ఈ పల్లెల నుంచి మొదటిసారి విశ్వవిద్యాలయం మెట్లెక్కిన మేము చేయాల్సిన పని ఒకటుంది. తెగతెంపులు చేసుకున్న, మారుమనువు ఆడిన మన ముసలమ్మలు ఇంకా ఉన్నారు. పెద్దల ముందర వాళ్ళేం మాట్లాడారో వాళ్ళ నోటితోనే రాసుకోవాలి. కక్కయ్య భార్య ఏం మాట్లాడి ఉండేదో మనకు చెప్పగలిగేది వాళ్ళే.