చెవి ముందా, కలం ముందా?

ఇంగ్లీషు నేర్పే పుస్తకాలకి మన దేశంలో ఎన్నడూ కరువు లేదు. రైల్వే స్టేషను పుస్తకాల కొట్టులో పంచాంగం పక్కనో, వంటల పుస్తకం కిందో ఒకటి తప్పకుండా ఉంటుంది. ముప్ఫై రోజుల్లో నేర్పేస్తానని అట్ట మీదే ప్రమాణం చేస్తుంది. ఇలాటివి చదవడం నాకో సరదా. డిటెక్టివు నవలల్లాగే వీటిలోనూ మొదటి పేజీల్లోనే శవం దొరుకుతుంది. ఆ శవం పేరు గ్రామరు.

ముందు ఇరవయ్యారు అక్షరాలు. తర్వాత నామవాచకం, సర్వనామం వగైరా. ఆ పైన పన్నెండు గళ్ళ టెన్సుల పట్టిక. దాని కింద రాముడు మామిడిపండు తింటాడు, తింటున్నాడు, తినియున్నాడు, తినుచునేయుండియుండును. ఈ చివరి మాట ఏ తెలుగు తల్లీ ఏ బిడ్డతోనూ అని ఉండదు. ఏ ఇంగ్లీషు తల్లికైనా దాని అవసరం ఏడాదికి ఒకసారి వస్తే గొప్పే. పండు అయిపోతుంది, పుస్తకమూ అయిపోతుంది. చదివినవాడికి ఇంగ్లీషు రాదు గాని, ఇంగ్లీషుని గురించి బోలెడు సంగతులు వస్తాయి.

ఈ పుస్తకాలన్నిటిలోనూ లేనిది ఒకటే. చెవి. భాష అంటే ముందు వినబడేది, తర్వాత పలికేది, ఆ తర్వాతే రాసేది అన్న సంగతి వీటికి తెలీదు. తెలిసినా ప్రయోజనం లేదు, అచ్చు పుస్తకానికి నోరు లేదు కదా అంటారేమో. నోరు లేకపోయినా చెవి ఉన్న పుస్తకాలు కొన్ని ఉన్నాయి. అందులో రెండు మన తూర్పు కనుమల్లోనే పుట్టాయి. చిత్రమేమిటంటే ఆ రెండూ ఇంగ్లీషు నేర్పే పుస్తకాలు కావు.

వాటి దగ్గరికి వెళ్ళేముందు ఒక నాటకం సంగతి చెప్పాలి. మన ఇంగ్లీషు చదువు మీద తెలుగులో వచ్చిన మొదటి గట్టి విమర్శ ఏ విద్యా కమిటీ రిపోర్టులోనూ లేదు, కన్యాశుల్కంలో ఉంది. గురజాడ అప్పారావుగారి ఆ నాటకం 1892లో మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా పెంచి రాసిన కూర్పు వచ్చింది. అందులో గిరీశం శిష్యుడు వెంకటేశం. ఆ కుర్రాడి ఇంట్లో తల్లి ముచ్చటపడి గురుశిష్యులిద్దరినీ ఒక్కసారి ఇంగ్లీషు మాట్లాడమంటుంది. వాళ్ళు మాట్లాడరు. పాఠాల్లో బట్టీపట్టిన గేయం ముక్కలూ, వాచకంలో వాక్యాలూ ఒకరిమీద ఒకరు విసురుకుంటారు. ఒకరన్నదానికీ ఇంకొకరన్నదానికీ పొంతన ఉండదు. తల్లి మాత్రం సంతోషిస్తుంది.

జనం ఈ దృశ్యానికి నవ్వి ఊరుకుంటారు. నాకు మాత్రం ఇది చాలా కఠినమైన దృశ్యం. అక్కడ ఇంగ్లీషు భాష కాదు, పట్టుచీర. కట్టుకుని చూపించడానికే గాని పనికి కాదు. వినేవాడికి అర్థం కావాలన్న పట్టింపు లేదు, ఎందుకంటే వినేవాడికి అర్థం కాకపోవడమే దాని విలువ. నేటికీ చుట్టాలు రాగానే, ఏదీ అంకుల్‌కి రైమ్ చెప్పు నాన్నా అనే ప్రతి ఇంట్లోనూ ఆ రంగం ఉచితంగా ఆడుతూనే ఉంది.

ఇప్పుడు మొదటి పుస్తకం. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో రాజావారి స్కూల్లో మేష్టరుగా చేరారు. ఊరికి చుట్టూ కొండలు, కొండల మీద సవరలు. వాళ్ళ భాషకి లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. అంటే మన ముప్ఫై రోజుల పుస్తకం మొదలుపెట్టే సరంజామా ఏదీ లేదన్నమాట. మరి పంతులుగారు ఎలా నేర్చుకున్నారు? తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని నోటివెంట వచ్చినదల్లా విని నేర్చుకున్నారు. తర్వాత కొండలెక్కి ఊళ్ళలో విన్నారు. సవర పిల్లలకి సొంత ఖర్చు మీద బళ్ళు పెట్టారు, వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. యాభై ఏళ్ళ వినికిడి 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం నుంచి సవర భాషా మాన్యువల్‌గా ఇంగ్లీషులో వచ్చింది. 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది.

ఆ మాన్యువల్ గొప్పతనం దాని వ్యాకరణంలో కాదు, దాని వరసలో ఉంది. ధ్వని ముందు, సూత్రం తర్వాత. సవరలో మాటని గొంతులోనే ఠక్కున బిగబట్టి ఆపేసే ధ్వని ఒకటుంది. మన యాభయ్యారు అక్షరాల్లో దానికి చోటు లేదు. ఇంకొకరైతే దగ్గరున్న తెలుగు అక్షరంతో సరిపెట్టి, సవరలు సరిగ్గా పలకరని ఒక తీర్పు కూడా చెప్పి ఉండేవారు. పంతులుగారు అక్షరాన్నే మార్చారు గాని నోటిని దిద్దలేదు. ధ్వనుల్ని ఉన్నవున్నట్టు పట్టుకునే ప్రత్యేక లిపిలో రాశారు. చదువరి ముందు వినాలి, విన్నది ఒప్పుకోవాలి, ఆ పైన పలకాలి. ఇంగ్లీషుకి గాని, మరే పరభాషకి గాని నాకు తెలిసిన మంచి పాఠం ఇంతే. యూరప్‌లో హెన్రీ స్వీట్ 1899లోనూ, ఆ తర్వాత యెస్పర్‌సెనూ పరభాషల బోధన మీద పుస్తకాలు రాసి చెప్పిన సారాంశం కూడా ఇదే, జీవద్భాష ముందు అని.

ఇందులో ఒక విషాదం ఉంది. కొండల్లో తిరిగి పంతులుగారు మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైను ఆయన వినికిడిని తినేసిందని ఆయన జీవితం రాసినవాళ్ళు చెప్తారు. చెవితో ఒక భాషని కాపాడిన మనిషి ఆ పనిలోనే చెవిని ఖర్చుపెట్టారు.

ఈ చెవే తర్వాత తెలుగుకీ పనికొచ్చింది. 1907 ప్రాంతంలో విశాఖపట్నం వైపు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్సు దొరకి తెలుగు పరాయి భాష. బజార్లో వినే తెలుగొకటి, బళ్ళో చెప్పే తెలుగొకటి ఎందుకయ్యాయని ఆయనకి అనుమానం వచ్చింది. మనకి పుట్టుకతో వచ్చిన భాష గనక మనకా అనుమానం రాదు. ఆ ప్రశ్నని గిడుగువారూ, గురజాడవారూ, శ్రీనివాస అయ్యంగారూ అందుకున్నారు. వ్యావహారిక భాషోద్యమం అలా ఊపందుకుంది. అంచేత పరభాష నేర్చుకునేవాణ్ణి తక్కువగా చూడకూడదు. వాడి తడబాటు ఒక్కోసారి ఇంటివాళ్ళకే దారి చూపిస్తుంది.

రెండో పుస్తకం భద్రిరాజు కృష్ణమూర్తిగారిది. కొండభాష, అంటే కూబి, మాట్లాడేవాళ్ళ మధ్య అరకు లోయలో పరిశోధన చేసి, ఆ భాషకి ఆయన రాసిన వర్ణన గ్రంథం 1969లో వచ్చింది. పండితుల కోసం రాసిన పుస్తకం. కాని ఇంగ్లీషు మేష్టర్లు దాని ధ్వనుల పట్టిక ఒక్కటి చూసినా చాలు. ఎందుకో చెప్తాను.

తెలుగువాడికి ఇంగ్లీషులో చిక్కు పెట్టే ధ్వనులు కొన్ని ఉన్నాయి. ద్రాక్షతీగకి ఒక వైను, ద్రాక్షసారాకి ఇంకొక వైను. ఒకటి కింది పెదవి మీద పళ్ళు ఆనించి పలకాలి, రెండోది పెదవులు గుండ్రంగా చుట్టి పలకాలి. మనకున్నది ఒకే వ. చూశారా, ఇక్కడ రాసి చూపించడానికి కూడా నా దగ్గర రెండో అక్షరం లేదు. అలాగే జంతువులుండే జూ. దాని మొదటి ధ్వని స లాగా ఊదుతూ, గొంతు మోగిస్తూ పలకాలి. మనం జల్లెడ పట్టినట్టు జ అనేస్తాం. జడలో జ కొంత దగ్గరే గాని, అదీ నాలుక తగిలించి వదిలేదే. ఈ మోగే ధ్వని కొండభాషలో నిక్షేపంగా ఉంది! అరకు లోయలో కొండదొరల పిల్లవాడు దాన్ని తల్లిపాలతో నేర్చుకుని బడికి వస్తాడు. బళ్ళో తెలుగు వాచకం చేతికిచ్చి, ఆ ధ్వనికి అక్షరం లేదు గనక జ అనరా అంటాం. ఆ పైన ఇంగ్లీషు పాఠంలో, నీకు జూ పలకడం రాదేం అంటాం. వాడి జేబులో ఉన్న రూపాయి లాక్కుని, తర్వాత నీ దగ్గర డబ్బు లేదని వెక్కిరించడం కాదా ఇది?

గ్రామరులోనూ ఇదే కథ. మనకి మేము వేరు, మనం వేరు. కొండభాషకీ ఆ తేడా ఉంది. ఇంగ్లీషువాడికి రెంటికీ కలిపి వుయ్ ఒక్కటే. అంటే ఈ ఒక్క విషయంలో ఇంగ్లీషు మనకన్నా పేద. ఈ మాట పిల్లలకి ఎవరూ చెప్పరు. చెప్తే వాళ్ళకి ఇంగ్లీషంటే సగం భయం పోతుంది. ఇంకోవైపు మనకి ఆవు వచ్చింది, అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది. అన్నిటికీ ఒకటే క్రియ. అంచేత కుర్రవాడు షీకీ ఇట్‌కీ తడబడితే అది బుద్ధిమాంద్యం కాదు, వాడి భాష వాడి వెంట రావడం. ప్రతి ప్రశ్న చివరా ఈజింటిట్ అని తగిలించేవాణ్ణి చూసి నవ్వుతాం. వాడు తెలుగు కదాని నమ్మకంగా మోసుకెళ్ళాడు, అంతే. తప్పుకి కారణం తెలిసిన మేష్టరు ఒక్క నిమిషంలో దిద్దుతాడు. తెలియనివాడు నూరుసార్లు రాయిస్తాడు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఊనిక. ఫొటోగ్రాఫ్‌లో బలం మొదటి అక్షరం మీద, ఫొటోగ్రఫీలో రెండోదాని మీద, ఫొటోగ్రాఫిక్‌లో మూడోదాని మీద. ఒకే మాట మూడు చోట్ల మూడు భుజాల మీద బరువు మారుస్తుంది. మనం అక్షరాలన్నిటికీ సమానంగా పెరుగన్నం వడ్డిస్తాం. అంచేత మనం మాట్లాడితే దొరకి అర్థం కాదు, దొర మాట్లాడితే సగం అక్షరాలు మింగేసినట్టు మనకి అనిపిస్తుంది. ఇది పుస్తకంలో ఉండదు, చెవిలో పడితేగాని రాదు.

చెవి సంగతికి వస్తే, కొండల్లో పిల్లల్ని మించినవాళ్ళు లేరు. అరకు సంతలో చూడండి. ఇంట్లో కువియో, కొండభాషో, మరొకటో. బేరానికి ఆదివాసీ ఒరియా. కిందనుంచి వచ్చిన షావుకారుతో తెలుగు. పదేళ్ళ పిల్ల మూడు భాషల మధ్య కాఫీ గింజల బస్తాల నడుమ తిరిగినట్టు తిరుగుతుంది. ఏ టెన్సుల పట్టికా చూడలేదు. అదే పిల్ల బడిగుమ్మం దాటగానే భాష రాని పిల్ల అయిపోతుంది.

ప్రభుత్వాలకి ఇది బొత్తిగా తెలీదనను. 2000 దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా మొదలైన ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల వాచకాలు తెచ్చారు. గిడుగువారి పని నూరేళ్ళకి గుర్తొచ్చిందని సంతోషించాం. 2019 నవంబరులో ప్రభుత్వ బళ్ళన్నిటినీ ఇంగ్లీషు మీడియం చేస్తూ ఉత్తర్వులొచ్చాయి, 2020 ఏప్రిల్లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ తర్వాత ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా జంట పాఠ్యపుస్తకాలొచ్చాయి. మైదానం పిల్లలకి మంచి ఊతకర్ర. ఇంట్లో కువి మాట్లాడే పిల్లకి మాత్రం రెండు పరాయి భాషలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటుంటే మధ్యన నిలబడ్డట్టు. 2023లో టోఫెల్ వచ్చింది. వినికిడికి కూడా మార్కులిచ్చే పరీక్ష గనక చెవి ఎవరికో గుర్తొచ్చిందని మెచ్చుకోవాలి. కాని వినిపించింది అంత దూరం గొంతు, అదీ పరీక్షగా. వినడం అలవాటు కాకముందే విన్నదానికి మార్కులు వేస్తే చెవి తెరుచుకోదు, బిగుసుకుంటుంది. 2024లో ప్రభుత్వం మారాక అదీ ఆగిపోయింది.

నన్ను అపార్థం చేసుకోకండి. కొండల పిల్లలకి ఇంగ్లీషు వద్దనేవాళ్ళలో నేను లేను. అలా అనేవాళ్ళ పిల్లలు ఏ మీడియంలో చదివారో ముందు అడగండి. ఆ పిల్ల తల్లిదండ్రులు ఇంగ్లీషు అడగడం న్యాయం. నా పేచీ అంతా ఇంగ్లీషు పేరుతో గిరీశం పాఠం చెప్పడం మీద.

గిడుగువారి పద్ధతిలోనూ లోటు లేకపోలేదు. ఇంట్లో ఒక మనిషిని పెట్టుకుని వినడం పంతులుగారికి చెల్లింది, నలభైమంది పిల్లలున్న ఒంటి మేష్టరుకి చెల్లదు. పైగా మాన్యువల్ ఇంగ్లీషులో ఉంది. కొండలకి వచ్చే ఆఫీసర్లకి పనికొస్తుంది గాని, సవరవాడు తన భాష మీది పుస్తకం తనే చదవాలంటే ముందు ఇంగ్లీషు నేర్చుకోవాలి! ఆ పుస్తకం కొండ ఎక్కేవాడికోసం రాసింది. కొండ దిగేవాడికోసం ఇంకా ఎవరూ రాయలేదు.

అలాటి పుస్తకం ఎలా ఉండాలో ఊహించడం కష్టం కాదు. మొదటి పాఠంలో ఏ బీ సీ డీలు ఉండకూడదు. ఆ పిల్ల నోట్లో ఇప్పటికే ఉన్న ఇంగ్లీషు ధ్వనుల జాబితా ఉండాలి. లేనివాటిని ఒక్కొక్కటే, పక్కనున్న తెలిసిన ధ్వని చెయ్యి పట్టుకుని పరిచయం చెయ్యాలి. మాటలు సంతలోవీ, బస్సులోవీ, ఆస్పత్రిలోవీ కావాలి. పట్టిక ఆఖర్న ఉండాలి, ఉంటే. రాయడానికి కావలసిన సరుకు 1931 పుస్తకంలోనూ 1969 పుస్తకంలోనూ చాలావరకు సిద్ధంగానే ఉంది. కావలసిందల్లా వాటిని విప్పి చూసే ఒక మేష్టరు. ఆ మేష్టరు ఆ కొండల్లోనే పుట్టినవాడైతే ఇంకా మంచిది. అతనికి ఇంట్లో మరొకర్ని పెట్టుకోవలసిన పని ఉండదు.