కోనసీమ ఎవరి పేరు?

ఆరో తరగతిలో మా తెలుగు మాస్టారు 'మా కోనసీమ' అని వ్యాసం రాసుకురమ్మన్నారు. నేను మా నాన్న గురించి రాశాను. నాన్న కొబ్బరికాయల వలుపుకి వెళ్లేవాడు. నేలలో పాతిన గునపం మొనకి కాయ గుచ్చి, రెండు చేతుల్తో నొక్కి మెలిపెట్టి డొక్క ఊడదీసేవాడు. రాత్రికి అన్నం కలుపుకుందామంటే వేళ్లు ముడుచుకునేవి కావు. అది రాశాను. కామందుగారి తోటలో మాకు వేరే గ్లాసుండేదని కూడా రాశాను. మాస్టారు ఆ రెండు పేరాలూ ఎర్రసిరాతో కొట్టేసి పక్కన 'అనవసరం' అని రాశారు. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య పచ్చటి సీమ, కొబ్బరితోటలు, జగ్గన్నతోట ప్రభల తీర్థం, అంతర్వేది అంటూ పుస్తకంలోంచి ఎత్తిరాసిన వాక్యాలకి మాత్రం మార్కులేశారు.

తర్వాత కోనసీమ మీద నేను చదివిన కథలు, కవితలు, ప్రత్యేక సంచికలు చాలా మటుకు ఆ ఎర్రసిరాతో దిద్దిన వ్యాసాల్లాగే ఉన్నాయి. వాటిలో చెట్టుంటుంది, చెట్టెక్కి దింపు తీసినవాడుండడు. చేనుంటుంది, ఊడ్చినామె ఉండదు. అగ్రహారం ఉంటుంది, పేట ఉండదు. ఒకవేళ పేటవాడున్నా నవ్వించడానికో, కామందు కోసం నమ్మకంగా చచ్చిపోవడానికో ఉంటాడు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాసి ఈ లెక్క తిరగేశాడు. 'గుడిసెలు కాలిపోతున్నాయి' కావ్యానికి 1975లో సాహిత్య అకాడెమీ అవార్డు కూడా వచ్చింది. అయినా కోనసీమ ఘనత పాడేవాళ్ల నోట పూతరేకుల తీపి వచ్చినంత తేలిగ్గా భీమన్న పేరు రాదు.

ఈ ఘనత అసలు రంగు 2022లో బయటపడింది. ఆ ఏప్రిల్ 4న కొత్త జిల్లాలతో పాటు కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న 'డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ' అని మారుస్తామంటూ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. కోనసీమ అన్న మాట తియ్యలేదు. ముందు ఒక పేరు చేర్చారు, అంతే. మే 24న అమలాపురం తగలబడింది. దళితుడైన మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు, బస్సులు కాల్చారు.

ఆ రాత్రి ఊరికి ఫోన్ చేస్తే అమ్మ అడిగింది: "ఊరి పేరు తీసేశారేంట్రా?"

"లేదమ్మా. అదలాగే ఉంది. ముందు అంబేద్కర్ పేరు పెట్టారు."

"అయితే పక్కన కూకోటం కిట్టలేదన్నమాట" అంది.

అమ్మ బడికెళ్లలేదు. నేను ఆ గొడవ మీద చదివిన వ్యాసాల్లో ఒక్కటీ ఇంత సూటిగా లేదు.

వాళ్ల వాదనలు మూడు. ప్రాంతం పేరుకి మనిషి పేరు తగిలించకూడదన్నది మొదటిది. నెల్లూరు 2008లో పొట్టి శ్రీరాములు నెల్లూరు అయింది. కడప 2010లో వై.ఎస్.ఆర్. జిల్లా అయింది. ఆ ఏప్రిల్ 4నే ఎన్.టి.ఆర్., అల్లూరి సీతారామరాజు, అన్నమయ్య, శ్రీ సత్యసాయి జిల్లాలొచ్చాయి. పేరు నచ్చనివాళ్లు అక్కడా ఉండుంటారు. కానీ మంత్రి కొంప కాల్చలేదు.

అంబేద్కర్‌కీ కోనసీమకీ ఏం సంబంధమన్నది రెండోది. అయ్యా, కాటన్ దొరకి ఏం సంబంధం? ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని నీళ్లు పారిన పొలాలకి కాటన్ దేవుడయ్యాడు, ఊరూరా విగ్రహమయ్యాడు. నాకేం అభ్యంతరం లేదు, నీళ్లిచ్చినవాడికి దండం పెట్టండి. ఆ నీళ్లు మా పేటకీ కూలి పని తెచ్చాయి. అయితే సముద్రాల అవతలి దొర మీ వారసత్వంలో కలిసిపోయి, మనిషికో ఓటు రాజ్యాంగంలో రాసిన ఈ దేశపు మనిషి మాత్రం పరాయివాడెలా అయ్యాడు? కాటన్ పొలానికి నీళ్లిచ్చాడు గానీ గట్టు మీద గ్లాసు మార్చలేదు. ఆ గ్లాసుని ప్రశ్నించే హక్కు మాకిచ్చినవాడు అంబేద్కర్. తేడా అక్కడుంది.

ఆ పేరు జనాన్ని విడదీస్తుందన్నది మూడో వాదన. ఈ మాట మనకంటే ముందు మహారాష్ట్ర దళితులు విన్నారు. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టాలని 1978 జులై 27న అక్కడి చట్టసభలు తీర్మానిస్తే, మరాఠ్వాడా అస్తిత్వం పోతోందంటూ దళితవాడల మీద పడ్డారు. ప్రాణాలు తీశారు, ఇళ్లు కాల్చారు. చివరికి 1994 జనవరి 14న పేరు మారింది. అక్కడ కూడా మరాఠ్వాడా అన్న మాట పోలేదు, అంబేద్కర్ పక్కనే నిలిచింది. కోనసీమలోనూ 2022 ఆగస్టు 2న తుది నోటిఫికేషన్ వచ్చింది. కొబ్బరిచెట్లు కాపు మానలేదు, ప్రభలు ఆగలేదు. ఊరికీ పేటకీ మధ్య బోదె ఆ పేరు తవ్వింది కాదు. అదెప్పుడో తవ్వారు, పేరు రాగానే బయటికి కనిపించింది.

ఇంతవరకూ రాసి ఆపేస్తే నేనూ మా మాస్టారి లాంటివాణ్ణే అవుతాను. ఆ పేరు పెట్టిన ప్రభుత్వానికి ఓట్ల లెక్క లేదని నేననను. బోర్డు మీద పేరెక్కిన రోజున దండలేసి మిఠాయి పంచుకున్నాం. అదే ఊపుతో లంక భూముల్లో వాటా అడిగామా? ఇంకో మాట. నేను మాలపేటలో పుట్టాను. మా పేట చివర మాదిగ గూడెం ఉండేది. మాస్టారు కొట్టేసిన నా వ్యాసంలో ఆ గూడెం గురించి ఒక్క ముక్క లేదు. డప్పు కట్టినవాళ్లు, చెప్పు కుట్టినవాళ్లు నాకూ 'అనవసరం'గానే తోచారన్నమాట. 1994లో దండోరా వచ్చి మా వాటా ఏదని అడిగేదాకా నా చేతిలో కూడా ఎర్రసిరా ఉందని తెలుసుకోలేదు. అంబేద్కర్ పేరు మోసేవాళ్లు తమలో తాము గీసుకున్న గీతలు దాచుకుంటే ఆ పేరుని మనమే చిన్నబుచ్చినట్టు.

అందుకే చదువుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను చెప్పేదిది. మన ప్రాంతాన్ని పొగడొద్దనడం లేదు. గోదావరి నాది కూడా, ప్రభల తీర్థం చూసి చిన్నప్పుడు నేనూ గెంతాను. కానీ 'మా కోనసీమ' అని రాసేటప్పుడు దింపు తీసినవాడి పేరు, పీచు పనికెళ్లే ఆమె కూలి, పేట నుంచి శ్మశానానికున్న దారి, గూడెంలో డప్పు - ఇవన్నీ రాయండి. పత్రికవాళ్లు అనవసరమంటే ఇంకో పత్రికకి పంపండి. ఎవరూ వెయ్యకపోతే మనమే అచ్చేసుకుందాం.

మా నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆ రెండు పేరాలూ మళ్లీ రాసి ఇక్కడ మొదట్లోనే పెట్టాను.