ఎర్ర కాగితం, ఒక కత్తెర

ఉత్తర చైనా పల్లెల్లో కొత్త సంవత్సరానికి ముందు కిటికీలకు తెల్ల కాగితం మార్చి, దానిమీద ఎర్ర కాగితపు బొమ్మలు అతికించేవారు: చేప, దానిమ్మ, కోడిపుంజు.

నన్ను కట్టిపడేసేది వాటిని కత్తిరించే చేతుల ధైర్యం. చేయితిరిగిన ఆడవాళ్లు ముందుగా గీత కూడా గీసుకోరు. గీతలు మిగిల్చి కోసే పద్ధతిలో ప్రతి గీతా పక్కదాన్ని పట్టుకునే ఉండాలి. ఒక్కటి తెగిందా, బొమ్మే విడిపోతుంది. నచ్చిన బొమ్మను తడిపి తెల్ల కాగితంపై పరిచి, దీపపు పొగ పట్టించి బొమ్మను తీసేస్తే చుట్టూ మసి, మధ్యలో తెల్లటి నకలు. ఎంత తెలివి! తల్లుల నమూనాలు కూతుళ్లకు అలాగే అందాయి.

2009లో యునెస్కో ఈ కళను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. షాన్‌షీ రాష్ట్రపు పేద రైతుమహిళ కూ షూలాన్ అయితే రంగు కాగితపు ముక్కలు పొరలుగా అతికించి, పూలు కత్తిరించే దేవతను గుహలాంటి తన మట్టింటి గోడల మీదే కొలువుదీర్చింది.