కదిలే మనిషి - నిలబడ్డ బొమ్మ

మన పత్రికల ముఖచిత్రాల మీద కార్మికుడు చాలాకాలంగా ఒకే భంగిమలో నిలబడి ఉన్నాడు. బిగించిన పిడికిలి, ఎత్తిన గడ్డం, కండలు తిరిగిన భుజం. ఆ బొమ్మల వెనుకనున్న ఉద్దేశాన్ని నేను శంకించను. కాని ఆ మనిషి ఏ పని చేసి బ్రతుకుతాడో బొమ్మ చూసి చెప్పలేము. బస్తా మోసే హమాలీ వెన్నూ, నాగలి పట్టిన రైతు వెన్నూ ఒకే తీరుగా వంగవు. ఆ తేడా తెలియాలంటే పనిలో ఉన్న మనిషిని, పని ఆపించకుండా, చకచకా గీయాలి. ఇది చేతివేళ్ల కసరత్తు మాత్రమే ననుకునేవారితో నేను ఏకీభవించలేను.

కొండపల్లి శేషగిరిరావు 1924లో మానుకోట తాలూకా పెనుగొండలో పుట్టారు. శాంతినికేతనంలో నందలాల్ బోసు వద్ద శిక్షణ పొందారు. నందలాల్‌కు చిన్న చిన్న కార్డుల మీద, కంటబడిన మనుషులను గీసుకునే అలవాటుండేది. 1938 హరిపుర కాంగ్రెసుకు ఆయన వేసిన చిత్రాలలో డోలు వాయించేవాడు, కుస్తీ పట్టేవాళ్లు, వడ్లు దంచే స్త్రీలు కనిపిస్తారు. వాళ్లెవరూ మనకోసం నిలబడినట్టుండదు. ఆ గురువు శిష్యుని పేరు చెప్పగానే మనకు శకుంతల, దమయంతి గుర్తొస్తారు; పెనుగొండ మడిలో వెనక్కి అడుగువేస్తూ నాటు వేసే స్త్రీ గుర్తురాదు. ఇందులో చిత్రకారుని కంటె, కావ్యనాయికకే పటం కట్టించిన మన అభిరుచి పాలే ఎక్కువ.

ఈ మధ్య ఒక విద్యార్థి గీతల పుస్తకం చూశాను. మొదటి పుటలు జనగామ స్టేషనులోవి. ప్రతి బొమ్మా తలతో మొదలై, ముక్కు, మీసం దగ్గరే ఆగిపోయింది. ఈలోగా రైలెక్కినవాడు తిరిగి రాడు గదా! తరువాతి పుటలలో వెన్నుగీత ముందు వచ్చింది, పిదప బరువు మోపిన పాదం. మొహాలు లేవు, అయినా ఎవరు పరుగెత్తుతున్నారో, ఎవరు పిల్లను చంకనేసుకున్నారో తెలుస్తుంది. (మన కథకులూ కూలివాణ్ని విశేషణాలతో నింపి, క్రియాపదం దగ్గర పిసినారులవుతారు.)

మానుకోట మిర్చి యార్డు పుటలు ఇంకా మంచివి. శ్రమకు ఆవృత్తి ఉంది: వంగడం, బస్తా ఎత్తడం, నడవడం, దించడం. హమాలీ మళ్లీ అదే భంగిమకు వస్తాడు. అతడొకే కాగితం మీద నాలుగు బొమ్మలు మొదలుపెట్టి, భంగిమ తిరిగి వచ్చినప్పుడల్లా ఒక్కొక్క గీత చేర్చాడు. పొద్దుగూకేవేళ గీసినవాటిలో అదే మోకాలు మరికాస్త వంగి ఉంది. కూలి రేటు గురించి మనం రాసే వ్యాసాలలో ఆ మోకాలు ఉండదు.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ఊరేగింపును మన చిత్రకారులు ఊహించే గీయాలి. కర్ర భుజాన వేసుకుని గుంపులో నడిచేవాడి కాలు ఎలా పడుతుందో ఇవాళ చూడనివాడు, ఆ ఊరేగింపును పిడికిళ్ల వరుసగా మార్చేస్తాడు.

భూపాలపల్లిలో మాత్రం ఈ పద్ధతికి అడ్డు తగిలింది. కాకతీయ భూగర్భ గనులలో పని భూమి అడుగున జరుగుతుంది. మన విద్యార్థికి దొరికింది షిఫ్టు ముగిసి గేటు దాటే మనుషులే. ఆ పుటల నిండా అలసట ఉంది, బొగ్గు తీసే చేయి లేదు. దాన్ని ఊహతో పూరించకుండా ఖాళీగా వదిలినందుకు అతణ్ని మెచ్చుకున్నాను. అక్కడ పనిచేసి వచ్చినవాడొకడు పెన్సిలు పట్టేవరకూ ఆ పుట అలాగే ఉండనీయమన్నాను.