అప్పు పుస్తకం ఎవరి చేతిలో?

1920లలో బహ్రెయిన్ ముత్యాల వేటలో బ్రిటిష్ అధికారులు తెచ్చిన సంస్కరణను చరిత్రకారులు విముక్తిగా రాస్తుంటారు. ఆ మాటను మేం సగమే ఒప్పుకుంటాం.

వేటకు ముందు నౌఖదా, అంటే పడవ నాయకుడు, డైవరుకు అడ్వాన్సు ఇచ్చేవాడు. వేట లేని నెలల్లో మళ్ళీ ఇచ్చేవాడు. లెక్క రాసేదీ అతనే. అప్పు తీరేది కాదు. తండ్రి చస్తే ఆ అప్పు కింద కొడుకు మునగాలి. బానిస డైవర్ల వాటానైతే యజమానులే తీసుకునేవాళ్ళు. సంస్కరణ ప్రతి డైవరుకూ లెక్కల పుస్తకం ఇచ్చింది, తండ్రి అప్పు కొడుక్కి అంటకుండా చేసింది. ఇది చిన్న విషయం కాదు.

అయితే చదువురాని డైవరు పుస్తకంలో రాసే చెయ్యి ఎవరిది? అడ్వాన్సుకు హద్దు పెట్టిన అధికారులు వేట లేని నెలల్లో తిండికి ఏ దారి చూపారు? జపాన్ కల్చర్ ముత్యాలూ, 1929 మాంద్యమూ ధరల్ని కూల్చాక అడ్వాన్సు ఇంకా తగ్గింది. 1932లో డైవర్లు తిరగబడ్డారు.

దాన్ని తమ మేలు తామెరగనివాళ్ళ అల్లరిగా చూడటం దొరల చూపే. అడ్వాన్సు మెడకు ఉరి, ఇంట్లో బియ్యం, ఖర్జూరం కూడా అదే. ఉరి సడలించి తిండి తగ్గిస్తే అడగరా మరి? ఆ తిరుగుబాటును సంస్కరణ మీద డైవర్లు చేసిన విమర్శగా చదవాలని మేమంటాం.